తోకచుక్క వస్తే మన సీమలో యాడ నిలబడాల, ఎప్పుడు చూడాల, దాన్ని ఎట్ల వెంబడించాల

తోకచుక్క వస్తాందని వాట్సాప్‌లో ఫోటోలు తిరగడం మొదలైతే చాలు, అందరూ అడిగేది ఒకటే, "అనా, టెలిస్కోప్ యాడ దొరుకుతాది, ఎంతయితాది" అని. ముందు ఆ మాట పక్కన పెట్టండి. కంటికి కనబడేంత బ్రైట్ కామెట్‌కి టెలిస్కోప్ అక్కర్లేదు, పైగా తోక ఆకాశంలో అయిదు డిగ్రీలో పది డిగ్రీలో (చెయ్యి చాపి పట్టిన పిడికిలి వెడల్పు పది డిగ్రీలు) పరుచుకోనుంటే టెలిస్కోప్ మీకు చూపించేది దాంట్లో ఒక ముక్క మాత్రమే. డబ్బులుంటే 10x50 బైనాక్యులర్ (పది రెట్లు పెద్దగా చూపేది, ముందరి అద్దం 50 మిల్లీమీటర్లు) ఒకటి తీసుకోండి, లేకపోతే రెండు కళ్ళు చాలు. అసలు కావాల్సింది వేరే ఉంది, ఆకాశం నేలని తాకే దాకా అడ్డం లేకుండా కనబడే చోటు. దాని ముందర ఏ పరికరమూ పనికిరాదు, నేనైతే అట్లే అంటా.

ఎందుకంటే తోకచుక్క మెరిసేదే సూర్యుడి దగ్గరికి పోయినప్పుడు. ఆ వేడికి మంచు ఆవిరై, దుమ్ము లేచి తోక వస్తాది. సూర్యుడి దగ్గర ఉంది అంటే మనకి కూడా సూర్యుడి పక్కనే కనబడతాది, అంటే మాపటేళ పొద్దుగూకినాక పడమర కిందనో, తెల్లారుజామున తూర్పు కిందనో, అంతే. నడినెత్తిన తోకచుక్క కనబడేది శానా అరుదు. 1996 మార్చిలో హ్యాకుటాకే అట్ల వచ్చింది, భూమికి కోటిన్నర కిలోమీటర్ల దూరంలో పోయింది కాబట్టి రాత్రంతా పైనే ఉండింది. అట్లాంటిది మళ్ళీ వస్తే మిద్దె మీద మంచం వేసుకుని చూడొచ్చు, మిగతావాటికి మిద్దె మీంచి పని కాదు, పక్కింటి వాటర్ ట్యాంకే పది డిగ్రీలు మింగేస్తాది.

ఇంగో భ్రమ ఏందంటే భూమికి దగ్గరగా వస్తే పెద్దగా కనబడతాది అనుకోవడం. న్యూస్ వాళ్ళు రాసేది కూడా "భూమికి అతి సమీపంగా" అనే. 2018 డిసెంబర్ 16న విర్టనెన్ అనే కామెట్ మనకి 1.16 కోట్ల కిలోమీటర్ల దూరంలోనే పోయింది, కృత్తికలకీ రోహిణికీ నడుమ, అయినా టౌన్‌లో ఉన్నోళ్ళు చూసింది ఏమీ లేదు, ఉన్న వెలుగంతా చంద్రుడికంటే పెద్ద వెడల్పులో పల్చగా పరుచుకుంది. అదే 1997లో హేల్-బాప్ ఎప్పుడూ 19 కోట్ల కిలోమీటర్ల లోపలికి కూడా రాలేదు, అయినా ఏడాదిన్నర పాటు మామూలు కంటికి కనబడింది. దాని ముద్ద పెద్దది, ఆవిరి ఎక్కువ, అదీ సంగతి. కాబట్టి దూరం చూసి ఆశపడొద్దు, మూడు నంబర్లు చూడండి: మాగ్నిట్యూడ్ ఎంత, సూర్యుడికి ఎన్ని డిగ్రీల ఎడంలో ఉంది, మీరు చూసే టైముకి హారిజాన్, అంటే ఆకాశం నేలని తాకే గీత, పైన ఎంత ఎత్తులో ఉంది.

మాగ్నిట్యూడ్ సంగతి, ఎంత తక్కువ నంబరైతే అంత వెలుగు, ఒక్కో మెట్టుకి దాదాపు రెండున్నర రెట్లు తేడా. నిజంగా చీకటి ఉన్న చోట 6 దాకా కంటికి అందుతాది. కానీ కామెట్‌కి ఇచ్చే నంబర్ మొత్తం వెలుగుని ఒక్క చుక్కలోకి కుదిస్తే ఎంతో అది, అందుకే కామెట్ 4 అంటే 4 మాగ్నిట్యూడ్ నక్షత్రం అంత సులువుగా కనబడదు. దానికి తోడు కిందికి పోయే కొద్దీ గాలి, దుమ్ము తినేస్తాయి, 10 డిగ్రీల ఎత్తులో ఒక మాగ్నిట్యూడ్ పైనే పోతాది, 5 డిగ్రీల దగ్గరైతే రెండు పైనే. మన ఎండాకాలం దుమ్ములో ఇంకా ఎక్కువ. నా లెక్క ఏందంటే 3 కంటే తక్కువ నంబర్ ఉంటే ఇంట్లో అందర్నీ పిల్చుకొని పోవచ్చు, 4, 5 అయితే బైనాక్యులర్ ఉన్నోళ్ళు మాత్రం పోండి, 6 దాటితే పిల్లల్ని నిద్ర లేపి తిట్లు తినొద్దు.

ఈ నంబర్లు కూడా ముందే నమ్మకూడదు. 2013లో ఐసాన్ గురించి ఎంత గోల చేశారు, శతాబ్దపు తోకచుక్క అన్నారు, నవంబర్ 28న సూర్యుడి పక్కన పోతూ పోతూ పొడైపోయింది. 2020లో అట్లాస్ అని ఒకటి ఆశ పెట్టి ముక్కలైంది, అదే ఏడాది మార్చిలో కొత్తగా కనిపెట్టిన నియోవైజ్ జూలైలో ఎవరూ అనుకోనంత బాగా వెలిగింది. అందుకని నెల ముందరి ఆర్టికల్ కాదు, నిన్న రాత్రి ఎవరైనా నిజంగా చూసి ఏం రాశారో అది చూడండి. స్లొవేనియావాళ్ళు నడిపే కాబ్స్ అనే సైట్‌లో ప్రపంచమంతా చూసినోళ్ళ లెక్కలు రోజూ పడతాయి, అది అలవాటు చేసుకుంటే వాట్సాప్ అక్కర్లేదు.

వెతికేటప్పుడు పూర్తి పేరు కొట్టండి. అట్లాస్ అని కొడితే డజన్లకొద్దీ వస్తాయి, ఎందుకంటే అది వాటిని కనిపెట్టిన సర్వే పేరు, టెలిస్కోపులతో ఆకాశమంతా గాలించే పని అది. ఉదాహరణకి సీ/2023 ఏ3 అనే పేరు తీసుకుంటే, సీ అంటే మళ్ళీ ఇప్పట్లో రాని రకం, 2023 కనిపెట్టిన ఏడాది, ఏ అంటే జనవరి మొదటి సగం, 3 అంటే ఆ పదిహేను రోజుల్లో మూడోది. పేరు కనిపెట్టినోళ్ళది, 1949లో ఒకదానికి బాప్పు-బాక్-న్యూకిర్క్ అని పేరు పడింది, ఆ బాప్పు హైదరాబాద్‌లో పెరిగిన వేణు బాప్పు, వాళ్ళ నాన్న నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవాడు. మనోళ్ళ పేరు కూడా పైన తిరుగుతాంది అని చెప్పడానికి ఈ ముక్క.

యాప్ విషయానికొస్తే స్టెల్లేరియం చాలు, ఫోన్‌లో అయితే కామెట్ పేరు కొట్టి లొకేషన్ మన ఊరు పెట్టి టైము ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ చూడండి. కంప్యూటర్లో ఫ్రీ వెర్షన్ వాడేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాల, కొత్త కామెట్ అందులో తనంతట తాను రాదు, ప్లగిన్స్‌లో సోలార్ సిస్టమ్ ఎడిటర్ అని ఉంటాది, దాంట్లోంచి మైనర్ ప్లానెట్ సెంటర్ (తోకచుక్కల దారుల లెక్కలు ఉంచే సంస్థ) డేటా ఇంపోర్ట్ చేసుకోవాల. పాత డేటాతో చూస్తే కామెట్ ఒక పక్క, మీరు ఒక పక్క. ఇది చేసినాక సూర్యుడు కుంగిన 40 నిమిషాలకి టైము పెట్టి కామెట్ ఎత్తు ఎంతుందో చూడండి. అప్పుడు 10 డిగ్రీలు దాటి ఉంటే మంచి అవకాశం, 5 లోపల ఉంటే చాలా వెలుగున్నదైతేనే పోండి.

ఆ 40 నిమిషాలు ఎందుకన్నానంటే, మన అక్షాంశంలో, అంటే అనంతపురం, కడప పద్నాలుగున్నర డిగ్రీల దగ్గర, కర్నూలు 16కి రవ్వంత తక్కువ, ఇక్కడ సూర్యుడు దాదాపు నిట్టనిలువునా కిందికి దిగుతాడు, గంటకి దాదాపు 14 డిగ్రీలు. చీకటి తొందరగా పడతాది, పొద్దుగూకినాక గంటంబావుకి పూర్తి చీకటి. యూరప్ వాళ్ళకి ఆ సంజ వెలుగే గంటలకొద్దీ సాగుతాది, కామెట్ ఆ వెలుగులోనే మునిగిపోతాది, మనకి ఆ బాధ లేదు. కానీ కామెట్ కూడా అదే స్పీడులో దిగిపోతాది కదా, అందుకే 35 నిమిషాల నుంచి గంట లోపల మన ఆట. ఆరింటికి పొద్దుగూకితే ఆరూ ముప్పైఅయిదుకి మీరు బైనాక్యులర్ పట్టుకుని రెడీగా ఉండాల, ఆరున్నరకి ఇంట్లో టీ తాగి బయల్దేరితే అయిపోయింది. పొద్దునపూట అయితే ఇదే తిరగేసి లెక్క, సూర్యోదయానికి గంటన్నర ముందే చోటులో ఉండాల.

ఇంగ చోటు. సాయంత్రం కామెట్ అయితే ఊరికి పడమరగా పోండి, పొద్దునదైతే తూర్పుగా, అప్పుడు ఊరి వెలుగు మీ వెనకాల ఉంటాది. అనంతపురం వాళ్ళు మాపటేళకి కళ్యాణదుర్గం రోడ్డు, ఉరవకొండ వైపు అయితే గాలిమరల ఎర్ర లైట్లు టుకుటుకుమంటుంటాయి, కళ్ళకి చిరాకు గానీ చూపుకి పెద్ద నష్టం లేదు, ఫోటోలకే పాడు. పొద్దునకి తాడిపత్రి రోడ్డు పట్టుకుని బుక్కరాయసముద్రం దాటాల. కర్నూలు వాళ్ళకి సాయంత్రం ఎమ్మిగనూరు వైపు బయలు నేల బ్రహ్మాండం, పొద్దున నందికొట్కూరు రోడ్డు, ఓర్వకల్లు రాళ్ళు ఫోటోకి బాగుంటాయి గానీ ఆ రాళ్ళే అడ్డం కూడా. కష్టమల్లా కడప వాళ్ళకే, ఒక పక్క పాలకొండలు, ఇంగో పక్క లంకమల. దానికి విరుగుడు దూరం పోవడమే. 300 మీటర్ల కొండ మూడు కిలోమీటర్లలో ఉంటే దాదాపు 6 డిగ్రీలు కప్పేస్తాది, అదే కొండకి 15 కిలోమీటర్లు ఎడంగా పోతే ఒక్క డిగ్రీనే. సాయంత్రానికి పులివెందుల రోడ్డు చూడండి, ఎర్రగుంట్ల, ముద్దనూరు పక్క సిమెంట్ ఫ్యాక్టరీలు, ఆర్టీపీపీ అనే థర్మల్ కరెంటు ప్లాంటు లైట్లు ఉంటాయి కాబట్టి అవి దాటుకోవాల్సి వస్తాది.

కొండెక్కితే బాగా కనబడతాది కదా అని అడవిలోకి మాత్రం పోవద్దండప్పా. శేషాచలం, పాలకొండల అంచుల్లో ఎర్రచందనం మీద రాత్రిళ్ళు గట్టి నిఘా ఉంటాది, బైనాక్యులర్, టార్చ్, బ్యాగు వేసుకుని చీకట్లో నలుగురు కనబడితే తోకచుక్క కోసం వచ్చినాం సార్ అంటే ఎవరు నమ్ముతారు. గండికోట లోయ అంచు కూడా పగలు చూసుకోండి, రాత్రి వద్దు. శెనక్కాయ కోసేసిన చేను, చెరువు కట్ట, ఊరి బయట బీడు, ఇట్లాంటివే మేలు, రైతుని ఒక మాట అడిగి పోతే ఆయనే వచ్చి చూస్తాడు. పాములుంటాయి, చెప్పుల్లో కాదు షూస్‌లో పోండి, కుక్కలకి కర్ర.

పగటి పూట ఒకసారి పోయి ఆ దిక్కు చూసుకోవడం అన్నిటికంటే ముఖ్యం. ఫోన్ కంపాస్ బైక్ పక్కన పెడితే తప్పు చూపిస్తాది, పదడుగులు దూరం జరగండి. పొద్దుగూకే చోటు చూసి పడమర అనుకుంటే కూడా తేడా వస్తాది, డిసెంబర్‌లో సూర్యుడు పడమరకి 24 డిగ్రీలు దక్షిణంగా కుంగుతాడు, జూన్‌లో అంతే ఉత్తరంగా, మార్చి, సెప్టెంబర్ 20ల దగ్గర మాత్రమే సరిగ్గా పడమర. డిగ్రీలు కొలవడానికి చెయ్యి చాలు, చెయ్యి నిటారుగా చాపి పిడికిలి పడితే 10 డిగ్రీలు, నడిమి మూడు వేళ్ళు కలిపితే 5, చిటికెన వేలు 1. కామెట్ 12 డిగ్రీల ఎత్తు అంటే నేల మీంచి ఒక పిడికిలి, దాని పైన రెండు చిటికెన వేళ్ళు. పిల్లల చేతులు చిన్నవి, వాళ్ళ కంటికి చెయ్యి దూరం కూడా తక్కువే, కాబట్టి వాళ్ళకీ ఇదే లెక్క సరిపోతాది.

చంద్రుడి కోసం యాప్ తెరవక్కర్లేదు, గోడకున్న తెలుగు క్యాలెండర్ చాలు. సాయంత్రం కామెట్‌కి బహుళ పక్షం మంచిది, బహుళ తదియ దాటినాక చంద్రుడు లేచేలోపు మన పని అయిపోతాది. తెల్లారుజాము కామెట్‌కి శుక్ల పక్షం, ఏకాదశి దాకా చంద్రుడు మూడు, మూడున్నరకే కుంగిపోయుంటాడు. సుచిన్‌షాన్-అట్లాస్, ఇందాక చెప్పిన సీ/2023 ఏ3నే, 2024 సెప్టెంబర్ 27న సూర్యుడి దగ్గరికి పోయింది, భూమికి దగ్గరైంది అక్టోబర్ 12, సరిగ్గా విజయదశమి రోజు, 7 కోట్ల కిలోమీటర్లు. ఆ పైన వారం సాయంత్రాలు శుక్రుడికీ స్వాతికీ నడుమ తోకతో ఉండాల్సింది, ఉండింది కూడా, కానీ ఇటు శుక్ల పక్షం ముదిరి 17న పౌర్ణమి, అటు బంగాళాఖాతంలో వాయుగుండం. దానికి ముందు సెప్టెంబర్ చివరి తెల్లారుజాముల్లో చంద్రుడి గొడవ దాదాపు లేదు, అప్పుడే లేచి తూర్పు చూసినోళ్ళు గెలిచారు. 2025 అక్టోబర్‌లో లెమ్మన్ వచ్చింది, ఇది తిరగబడింది, 21న భూమికి దగ్గర, దీపావళి అమావాస్య, చీకటి బంగారం, కానీ టపాకాయల పొగ! మాగ్నిట్యూడ్ 4 దగ్గర ఉన్నదాన్ని ఆ పొగలోంచి ఊర్లో చూడటం అయ్యే పని కాదు. అక్టోబర్ అంటేనే మనకి ఈశాన్య ఋతుపవనం, కాబట్టి ఒక రోజు నమ్ముకోకండి, రెండు వారాల్లో ఏ సాయంత్రం తెరిపిస్తే ఆ సాయంత్రం పోయేట్టు ఉండండి.

చోటుకి పోయినాక ముందు బైనాక్యులర్‌ని దూరంగా ఉన్న ఒక నక్షత్రం మీద ఫోకస్ చేసి పెట్టుకోండి, చుక్క సూదిమొన లాగా రావాల. ఫోకస్ తప్పితే మసక కామెట్ మసకలోనే కలిసిపోతాది. 10x50లో ఒకసారికి ఆరు డిగ్రీల పైచిలుకు ఆకాశం కనబడతాది, కాబట్టి నేల గీత నుంచి మొదలుపెట్టి అడ్డంగా ఎడమ నుంచి కుడికి, మళ్ళీ రవ్వంత పైకి జరిపి కుడి నుంచి ఎడమకి, ఇట్ల మెల్లగా దువ్వండి. కనబడేది చుక్కలా ఉండదు, అంచులు లేని మసక ఉండ, పైకి పల్చని చార. తోక దాదాపు ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కులోనే ఉంటాది, కాబట్టి సాయంత్రం అయితే పైకి లేచి ఉండాల, కిందికి వేలాడుతున్నట్టు ఉంటే అది వేరే ఏదో అయ్యుండొచ్చు. ఒక్క మాట గట్టిగా చెప్తా, సూర్యుడు పూర్తిగా కుంగక ముందు బైనాక్యులర్ ఆ వైపు తిప్పొద్దు, పొద్దునపూట సూర్యుడు లేచే టైముకి ముందే దించేయండి, ఒక్క క్షణం అందులో సూర్యుడు పడినా కన్ను పోతాది, ఇది బెదిరింపు కాదు.

పూర్తి చీకటిలో చూసే కామెట్ అయితే కళ్ళకి ఇరవై ముప్పై నిమిషాలు టైమివ్వాల, మధ్యలో ఒకడు ఫోన్ వెలిగిస్తే మళ్ళీ మొదటికొస్తాది. టార్చ్‌కి ఎర్ర సెల్లోఫేన్ కాగితం, పెళ్ళి గిఫ్టులకి చుట్టేది, రెండు మడతలు చుట్టండి. మసకగా ఉన్నదాన్ని సూటిగా చూడకుండా రవ్వంత పక్కకి చూస్తే బాగా తెలుస్తాది, కంటి నడుమ కంటే పక్కభాగం చీకట్లో చురుగ్గా ఉంటాది.

"కనబడింది కనబడింది, పోతాంది పోతాంది" అని ఎవరైనా అరిస్తే అది తోకచుక్క కాదు. కామెట్ కళ్ళ ముందు కదలదు. చుయ్యిమని పోయేది ఉల్క, వరసగా రైలు డబ్బాల మాదిరి పోయేవి స్టార్‌లింక్ ఉపగ్రహాలు. మనకాడ ఎక్కువ మోసం చేసేది విమానం పొగ, బెంగళూరు ఫ్లైట్లు మన మీదుగానే తిరుగుతాయి కదా, పొద్దుగూకినాక పడమర దూరంగా పోయే విమానం వెనక పొగ మీద కింది నుంచి ఎండ పడి బంగారు రంగులో నిగనిగలాడతాది, అచ్చం తోక. అయిదు నిమిషాలు ఆగి చూడండి, చోటు మారితే విమానం. ఇంట్లో పెద్దోళ్ళు అరిష్టం అంటే వాదన పెట్టుకోకుండా బైనాక్యులర్ చేతిలో పెట్టండి, పని జరుగుతాది.

ఫోటోకి ఫోన్ ప్రో మోడ్, ట్రైపాడ్, లేకపోతే రాయికి ఆనించి, రెండు సెకన్ల టైమర్. ఫోకస్ మాన్యువల్‌లో ఇన్ఫినిటీ, ఐఎస్ఓ 800 నుంచి 1600, షట్టర్ 4 సెకన్లతో మొదలుపెట్టి చీకటి పడే కొద్దీ 10 దాకా. కెమెరా ఉన్నోళ్ళకి 500ని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే వచ్చే సెకన్లు దాటకూడదు, 50 ఎంఎం అయితే 10, చిన్న సెన్సార్ కెమెరాలో ఆరు, ఏడు. అది దాటితే చుక్కలు గీతలవుతాయి. కంటికి తెల్లగా, బూడిదగా కనబడిన తల ఫోటోలో ఆకుపచ్చగా వస్తే ఆశ్చర్యపోవద్దు, అది అందులోని కార్బన్ పరమాణువుల జంటలు ఎండకి వెలగడం. ఫోటో చూసి కంటికీ అట్లే కనబడతాదనుకుని వచ్చినోళ్ళు నిరాశపడతారు, పిల్చుకొని పోయేటప్పుడే చెప్పండి.

ఒక్కరోజు చూసి వదిలేస్తే సగం మజా పోయినట్టే, అసలు సంగతి దాని నడక. ఒక నోట్‌బుక్కులో రోజూ అదే టైముకి, అదే చోటు నుంచి చుట్టూ ఉన్న నాలుగైదు నక్షత్రాలు చుక్కలు పెట్టి కామెట్ యాడుందో గుర్తు వేయండి, తోక ఎటు, ఎన్ని వేళ్ళ పొడుగు. 2023లో జెడ్‌టీఎఫ్ కామెట్ జనవరి 30 ప్రాంతంలో ధ్రువ నక్షత్రం దగ్గర ఉండి ఫిబ్రవరి 10, 11కి కుజుడి పక్కన తేలింది, అంటే సగటున రోజుకి అయిదు డిగ్రీల పైనే, రోజుకి అర పిడికిలి. మూడు రోజుల గుర్తులు ఉంటే నాలుగో రోజు యాడుంటాదో మీరే గీత గీసి చెప్పొచ్చు, యాప్ తెరవక ముందే గీసి తర్వాత సరిచూసుకోండి.

వెలుగు కూడా మీరే లెక్క కట్టొచ్చు. బైనాక్యులర్‌లో కామెట్ ఎంత వెడల్పు, ఎంత వెలుగుగా ఉందో మనసులో పట్టుకోండి, తర్వాత మాగ్నిట్యూడ్ తెలిసిన నక్షత్రం మీదికి తిప్పి ఫోకస్ చెడగొట్టి ఆ చుక్కని కామెట్ అంత వెడల్పుకి పెంచండి, రెండూ సమానంగా అనిపించే నక్షత్రం ఏదో అదే కామెట్ మాగ్నిట్యూడ్. సిడ్జ్‌విక్ మెథడ్ అంటారు దీన్ని. నక్షత్రం కూడా దాదాపు అంతే ఎత్తులో ఉండేది తీసుకోవాల, లేకపోతే గాలి తినే వెలుగు తేడా కొడతాది. రాసేటప్పుడు టైము మన టైములో కాదు, అయిదున్నర గంటలు తీసేసి యూటీలో (ప్రపంచమంతా ఒకటే లెక్కగా వాడే టైము), అది కూడా రోజులో భాగంగా, అక్టోబర్ 14 సాయంత్రం ఏడు అంటే 13:30 యూటీ, అంటే అక్టోబర్ 14.56. పక్కన ఏ బైనాక్యులర్, తల వెడల్పు ఎంత, తోక ఎంత. ఇట్ల రాసుకుంటే కాబ్స్‌లో అకౌంట్ పెట్టుకుని పంపొచ్చు, మన అక్షాంశం నుంచి పంపేవాళ్ళు తక్కువ. వెతికీ కనబడని రోజు కూడా రాయండి, ఆ దిక్కులో మీకు కనబడిన అన్నిటికంటే మసక నక్షత్రం ఏదో దాని మాగ్నిట్యూడ్ వేసి "దీనికంటే తక్కువ వెలుగు" అని పెడితే అదీ లెక్కలోకి వస్తాది, మబ్బు వల్ల కనబడకపోతే మాత్రం మబ్బు అని రాసి ఊరుకోండి.